చేత్తో వెబ్‌సైట్ రాసేవారిని ఇక ఉపేక్షించరాదు

సమాజంలో ఎన్నో అనర్థాలను చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం గానీ, ఒకదాని విషయంలో మాత్రం ఇక ఉదాసీనత పనికిరాదని మనవి చేస్తున్నాను. నోట్‌ప్యాడ్ తెరిచి, పేజీలో ఏది ఏమిటో బ్రౌజరుకు చెప్పే హెచ్‌టీఎంఎల్ ట్యాగులను స్వహస్తాలతో టైపు చేసి, సొంత వెబ్‌సైట్ నడుపుకొనే మనుషులు ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. చూడడానికి మర్యాదస్థుల్లాగే ఉంటారు.

ఈ దురాచారానికి ఆద్యుడు టిమ్ బెర్నర్స్-లీ. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి 1991లో ఆయన లోకానికి చూపించిన తొలి వెబ్‌సైట్‌లో బొమ్మలు లేవు, హంగులు లేవు; కాస్త వచనం, కొన్ని లింకులు, అంతే. సెర్న్ వారు 2013లో దాన్ని పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టారు. నేటి ఫోన్లలోనూ అది ఠక్కున తెరుచుకుంటుంది. ఇన్నేళ్లయినా చెడిపోని సరుకును తయారుచేయడం వ్యాపార నీతికి ఎంత విరుద్ధమో వేరే చెప్పనక్కరలేదు. అదే జియోసిటీస్ ఎంత సంస్కారవంతంగా ప్రవర్తించిందో చూడండి: లక్షల మంది తమ పేజీలు అక్కడ పెట్టుకున్నాక, అమెరికాలో 2009లో తలుపులు మూసేసింది. సోషల్ మీడియా సైట్లయిన ఆర్కుట్ 2014లోనూ, గూగుల్ ప్లస్ 2019లోనూ అదే బాట పట్టి, పాత జ్ఞాపకాలను మోసే శ్రమను మనకు తప్పించాయి. చేత్తో రాసుకున్న పెద్దమనిషికి ఆ అదృష్టం లేదు. సైట్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే ఒక హోస్టింగ్ సంస్థ మూతపడితే ఫైళ్లన్నీ మూటాముల్లె సర్దుకొని ఇంకొక సంస్థకు చేరుకుంటాడు.

తెలుగులో రాసేవారి సంగతి మరీ ఘోరం. అక్షరాలను కంప్యూటరులో అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికైనా గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు పడతాయి. ఆ పద్ధతి పేరు పేజీ మొదట్లో చెప్పడం మరిచిపోతే, బ్రౌజరు ఆ బైట్లను విడివిడిగా చదువుకొని, నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు అక్షరాలనూ వాటి పక్కన డిగ్రీ గుర్తులనూ బారులు తీర్చవచ్చు. బుద్ధిమంతుడైతే అక్కడితో విరమించుకుంటాడు. ఈయన అర్ధరాత్రి దాకా కూర్చొని ఆ పద్ధతి పేరు చెప్పే ఒక్క వరుసా చేర్చి, అది చాలక, పై వరుసలోని ‘రాష్ట్రం’ ఒత్తులు దిగివచ్చి కింది వరుసలోని ‘కీర్తి’ గుడిదీర్ఘానికి తగులుతున్నాయని వరుసల ఎడాన్ని అక్షరం సైజుకు 1.2 రెట్ల నుంచి 1.8 రెట్లకు పెంచి, ఫోనులో ఒకసారి, కంప్యూటరులో ఒకసారి చూసుకొని, మళ్లీ 1.7కి తగ్గిస్తాడు. ఈ కాలంలో ఎన్ని రీల్స్ చూసి ఉండవచ్చో ప్రభుత్వం లెక్క తీయించాలి.

ఆర్థిక నష్టం సరేసరి. ఇరవై ముప్పై కేబీల పేజీ బలహీనమైన సిగ్నల్‌లోనూ తెరుచుకుంటే డేటా ప్యాకులు అమ్ముకొనేవారి గతి ఏమిటి? కుకీలకు అనుమతి అడగరు, నోటిఫికేషన్లు పంపమంటారా అని బతిమాలరు, ప్రకటనను మూసే గుర్తు ఎక్కడ దాగిందో వెతికే వ్యాయామాన్ని పాఠకుడి వేళ్లకు దక్కనివ్వరు. నాలుగు పేరాల పేజీకి ఒక ఫ్రేమ్‌వర్కు అనే రెడీమేడ్ కోడ్ చట్రం, దాని వెనుక వందలకొద్దీ కోడ్ ప్యాకేజీలు దింపుకోవడం గ్లాసుడు మజ్జిగకు డెయిరీ ఫ్యాక్టరీ పెట్టడమేనని వీరు ఎగతాళి చేస్తారు. ఫ్యాక్టరీ అన్నాక పది మందికి ఉద్యోగాలు దొరుకుతాయన్న ఇంగితం ఉండవద్దా? వీరి నిర్వహణ ఎలా ఉంటుందంటే, మెనూలో ఒక్క మాట మార్చాలన్నా పేజీ పేజీకీ వెళ్లి మార్చుకుంటారు; తెగిపోయిన లింకులను వెతికి సరిచేస్తారు; ఏటా డొమైన్ (సైట్ చిరునామా) రుసుము సొంత జేబులోంచే కడతారు. ఆదాయం మాత్రం అడగకండి.

అందుచేత చేత్తో రాసిన ప్రతి పేజీకీ కనీసం ఒక పాప్-అప్ తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలి. అంతకన్నా ముందు, పేజీ అడుగున ‘చివరిగా సవరించిన తేదీ’ అని నిజాయితీగా వేసుకొనే అలవాటును మాన్పించాలి. చదివేది కొత్తదో పాతదో పాఠకుడే తేదీ చూసి తేల్చుకోవడం మొదలుపెడితే, మూడేళ్ల కిందటి వరద వీడియోను ఇవాళ్టిదని నమ్మించే పనిలో ఉన్నవారందరూ ఏమైపోవాలి?