రాని మిషనే మేలు

మా బావమరిది బిట్‌కాయిన్ మైనింగ్ చేసే ఒక అమెరికా కంపెనీ షేర్లు కొన్నాడు. మైనింగ్ అంటే, మిషన్లనే ప్రత్యేక కంప్యూటర్లు రేయింబవళ్లు లెక్కలు కట్టి బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేలు సంపాదించడం. ఈమధ్య అతను భీమవరంలో తలొంచుకుని తిరుగుతున్నాడని గిట్టనివాళ్లు అంటున్నారు. కారణం చాలా చిన్నది. కంపెనీ వేల మిషన్లకు ఆర్డర్ ఇచ్చామని చాటింది కానీ, అవి ఎప్పుడొస్తాయో, మిగతా డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చి కడతారో మాత్రం చెప్పలేదు. ఆమాత్రానికే ఇంత రాద్ధాంతమా?

నిజానికి వచ్చిన మిషను కంటే రాని మిషను అన్నివిధాలా మేలు. వచ్చింది ఒట్టి తిండిపోతు. ఆంట్‌మైనర్ ఎస్19 ప్రో అనే మిషను గంటకు మూడుంపావు యూనిట్ల కరెంటు లాగుతుంది. మన రొయ్యల చెరువు మీద రెండు హెచ్‌పీ ఏరేటర్లు రెండు కలిసి తిరిగితే కాలేదీ దాదాపు అంతే. కాకపోతే ఏరేటరు రొయ్యకు ఊపిరి పోస్తుంది. ఇదేమో వేడిగాలి, చెవులు చిల్లులు పడే హోరు ఇస్తుంది. ఆర్డర్లో ఉన్న మిషనుకు కరెంటు బిల్లూ లేదు, ఫ్యాను కాలడమూ లేదు.

ఇంకో సంగతి. లోకంలో మిషన్లు పెరిగేకొద్దీ, దాదాపు రెండు వారాలకోసారి, బిట్‌కాయిన్ తన లెక్కను మరింత కష్టం చేస్తుంది. సుమారు నాలుగేళ్లకోసారి ఒక్కో బ్లాకుకు, అంటే లావాదేవీల కట్టకు, ఇచ్చే నాణేలు సగానికి పడిపోతాయి. 2020 మేలో 12.5 నుంచి 6.25కి వచ్చాయి, 2024 ఏప్రిల్‌లో 3.125కి. ఈ దెబ్బలన్నీ తిరిగే మిషన్లకే. ఆర్డర్లో ఉన్నదాని రాబడి ప్రకటన ఇచ్చిన రోజున ఎంతో, ఈ రోజుకీ అంతే.

పాత కథలు తవ్వేవాళ్లు, మైనింగ్ మిషన్లు అమ్మిన కంపెనీ బటర్‌ఫ్లై ల్యాబ్స్ పేరెత్తుతారు. ముందే డబ్బు కట్టించుకుని మిషన్లు ఇవ్వలేదనీ, కొందరికి అందేసరికే అవి పాతబడిపోయాయనీ ఆరోపిస్తూ 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కోర్టుకెక్కింది. నేను మొత్తుకునేదీ అదే కదా! అసలు అందకపోతే పాతబడేవే కావు. కోర్ సైంటిఫిక్ అనే మైనింగ్ కంపెనీకి మిషన్లు నిజంగానే బోలెడు ఉండేవి. బిట్‌కాయిన్ ధర పడి, కరెంటు ఖర్చు పెరిగి, 2022 డిసెంబరులో దివాలా కోర్టు మెట్లెక్కింది. మిషన్లు ఉంటే వచ్చే చిక్కే అది.

మా బావమరిది కంపెనీ లెక్క మాత్రం గుండ్రంగా, ఏ మూలా గుచ్చుకోకుండా ఉంది. అడ్వాన్సు దేంతో కట్టారు? కొత్త షేర్లు అమ్మి. ఆ షేర్లు ఎవరు కొన్నారు? ఆర్డర్ చూసి మురిసినవాళ్లు. ఆర్డర్ ఎలా ఇచ్చారు? అడ్వాన్సు కట్టి. "ఆర్డర్ ఇచ్చేశారు కదండీ బావగారూ, ఇంక టెన్షనెందుకండీ?" అన్నాడు మావాడు. ఆ మాట అనేటప్పుడు కూడా ఫోన్లో షేరు ధరే చూస్తున్నాడు.

ఇంత గొప్ప విద్య మన డెల్టాకు ఎందుకు రాలేదంటే, మా మేత డీలరు లాంటి సంకుచితులు ఉన్నారు గనక. అరువివ్వాలంటే ఆయన ముందు చెరువు గట్టెక్కుతాడు. రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత వేలితో కెలికి చూస్తాడు. ఒక రొయ్యను ఎండకు అడ్డంపెట్టి పేగు నిండిందో లేదో పరీక్షిస్తాడు. అప్పుడుగానీ జేబులోంచి పుస్తకం తియ్యడు. లోకం ఎంత ముందుకెళ్లిందో ఈయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆయన్ని బాగుచేద్దామని, రొయ్యపిల్ల కోసం హేచరీకి కట్టిన అడ్వాన్సు రసీదు చూపించి, పంట మొత్తానికి మేత అరువివ్వమన్నాను. రసీదు రెండువైపులా తిప్పి చూశాడు.

"రొయ్య ఇంకా ఆర్డర్లోనే ఉందాండీ?"

"అవునండీ."

"అయితే మేత కూడా ఆర్డర్లో ఉందని రాసుకోండి" అని బండి స్టార్ట్ చేశాడు.

ఈ సంగతి చెబితే మా బావమరిది ఎగిరి గంతేశాడు. అలాంటి బుర్ర తమ కంపెనీ బోర్డులో ఉండాలట.