‘జీవ మందు’ కొడితే గాలి కొలవక్కర్లేదా?

ఉద్దానంలో తోట ఎక్కడ అయిపోతుందో, ఇల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. పొద్దున్నే పక్క తోటలో పవర్ స్ప్రేయర్ మోగిందంటే ఆ తుంపర చెట్ల మీదే ఆగదు, మన తీగ మీద ఆరేసిన బట్టల దాకా వస్తుంది. ఏం మందు కొడుతున్నారని అడిగితే పక్క తోటాయన ‘వేప మందేనండి, ఏం కాదు’ అన్నాడు.

డబ్బా తీసుకుని చూశాను. అజాడిరాక్టిన్, అంటే వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం, 1500 పీపీఎం, అంటే నూటికి 0.15 పాళ్లు. మరి మిగతా 99.85? వేపనూనె, అది నీళ్లలో కలవడానికి ఎమల్సిఫయర్, కొన్నిటిలో సాల్వెంట్, అంటే మందుని కరిగించే ద్రవం. ఇంకో జీవ మందు బీటీ, బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసేది, దానిదీ ఇదే కథ. అందులోని ప్రోటీన్ గొంగళిపురుగు పొట్టలో, క్షారం ఎక్కువగా ఉన్నచోట పనిచేస్తుంది, మనుషులకి పెద్దగా ప్రమాదం లేదంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రోటీన్ ఆవిరైపోదు కదా, ఆవిరయ్యేది దానితో కలిపినవే. భద్రమని మనం చెప్పుకునేది ఒకటి, పీల్చేది ఇంకోటి.

1999లో కెనడాలోని విక్టోరియా నగరం మీద జిప్సీ మాత్ అనే ఆకులు తినే పురుగు కోసం విమానాలతో ఫోరే 48బి అనే బీటీ మందు చల్లారు. అప్పుడు గాలిలో బ్యాక్టీరియాని లెక్కపెడితే, మొదట ఇళ్లలో తక్కువే ఉంది, 5-6 గంటలు గడిచాక మాత్రం బయటకన్నా లోపలే ఎక్కువ తేలింది. కిటికీలు మూసుకుంటే సరిపోతుందనుకునే నాలాంటివాళ్లకి ఇది కాస్త టెన్షన్ పెట్టే సంగతే.

మన దగ్గర? 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యాలున్నాయి, బెంజీన్ ఉంది, అమ్మోనియా ఉంది, పురుగుమందు ఒక్కటీ లేదు. కాబట్టి మందు కొట్టిన రోజు కూడా ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) పచ్చగానే కనిపించొచ్చు.

గాలిలోకి ఆవిరయ్యే రసాయనాల్ని (వీఓసీలని) కొలిచే, చేత్తో పట్టుకునే మీటరు కొనేస్తే పనైపోతుందా అంటే, కాదు. అది అన్ని ఆవిర్లనీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది, స్ప్రేయర్ ఇంజిన్ పెట్రోలు పొగ కూడా అందులోనే. అందుకే ఒకరోజు ఉత్త నీళ్లు కొట్టి కొలవాలి, మర్నాడు అదే వేళకి మందు కొట్టి కొలవాలి. మధ్యాహ్నం మా వైపు సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది, కాబట్టి గాలిలోని ఆవిర్లని పట్టి ఉంచే, పంపు తగిలించిన బొగ్గు ట్యూబు పెట్టాల్సింది తోటకి పడమటి ఇంటి అరుగు మీద, ఇంకోటి ఆ ఇంటి లోపల గదిలో, అదీ సాయంత్రం దాకా. తర్వాత జీసీ-ఎంఎస్ అనే, రసాయనాల్ని విడదీసి గుర్తుపట్టే యంత్రం ఉన్న ల్యాబులో ఏ ఆవిరి ఎంతో విడివిడిగా తేలుతుంది.

ఇక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధన తర్వాతా గట్టిగా తేలలేదు. దానికీ ఈ మందులకీ నేను లింకు పెట్టడం లేదు. కానీ రేపెవరైనా గాలిని అనుమానిస్తే వెనక్కి వెళ్లి చూడలేం. పాత నీళ్ల శాంపిల్ ఎవరైనా దాచి ఉండొచ్చు గానీ, పాత గాలి ఎవరి దగ్గర ఉంటుంది?

మొన్న మళ్లీ కొట్టే ముందు పక్క తోటాయన తనంతట తనే లేబుల్ ఫొటో వాట్సాప్‌లో పంపాడు. పెద్ద అక్షరాల్లో 1500 పీపీఎం. మిగతా దాని గురించి కింద ఒక్క లైను, ‘ఇతర పదార్థాలు’ అని.