సాటర్న్ గుడి గారికి, కంచె ఇవతల నుంచి

మహారాజశ్రీ సాటర్న్ దేవాలయం గారికి,
కాపిటోలిన్ గుట్ట కింద, రోమన్ ఫోరం, రోము.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరూ క్షేమమని తలుస్తాం అని రాయడం మర్యాదే గానీ, శనివారం మధ్యాహ్నం కళ్లారా చూసి వచ్చాక ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎనిమిది స్తంభాలు, వాటి మీద ఓ దూలం. గోడల్లేవు, కప్పు లేదు, గర్భగుడి లేదు. దేవుడు సరేసరి.

మా టూరు వాళ్ల కాగితంలో మాత్రం "మధ్యాహ్నం 2 గంటలకు ప్రాచీన రోమన్ దేవాలయ దర్శనం" అని ఉంది. దర్శనం అన్నారు కదా అని మా ఆవిడ పొద్దున్నే తలంటు పోసుకుంది. తీరా చూస్తే గైడు కంచె ఇవతల నుంచే గొడుగు చివరతో తమరిని చూపించి, ఇరవై నిమిషాల్లో వస్తానని చెప్పి, నీడ వెతుక్కుంటూ పోయాడు. నాలుగు దాటినా రాలేదు.

సాటర్న్ అంటే శనే కదండీ అని మా గుంపులో ఎవరో అన్నారు. మా ఆవిడ నా వైపు తిరిగింది. "శని గుడి అని ముందే చెప్పొద్దూ? అదీ శనివారం పూట! చుక్క నువ్వుల నూనె తేలేదు." అంటూనే అలవాటుగా ఓ చెప్పు విప్పి రాతి మీద పాదం పెట్టింది. చురుక్కుమనేసరికి మళ్లీ చెప్పులో దూర్చేసింది. తమ దేవుడూ మా శనీ ఒకరు కారనీ, గ్రహం పేరు దగ్గర మాత్రమే కలిశారనీ, ఆయన పొలాలూ విత్తనాలూ చూసుకునే పెద్దమనిషనీ చెప్పబోయాను. కానీ నూనె విషయంలో ఆవిడదే పైచేయి. లోపలి దంతపు విగ్రహం పుచ్చిపోకుండా దాని పొట్ట నిండా నూనె పోసి ఉంచేవారట, ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. మేం పైన పోస్తాం, తమరు లోపల పోశారు. అంతే తేడా.

అసలు సంగతికొస్తాను. తమ నొసటన పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. "మంటల్లో కాలిపోయిన దీన్ని రోము సెనేటూ ప్రజలూ తిరిగి నిలబెట్టారు" అని వాటి అర్థం. ఏ చక్రవర్తి పేరూ లేదు. మా ఊరి గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చినవాడు కూడా వెలుతురు అడ్డేంత లావున తన పేరు రాయించుకుంటాడు. అలాంటిది ఇంత గుడి మీద "ప్రజలు" అని ఉండటం చూసి నిజంగానే పొంగిపోయాను. ఆ ప్రజలు ఎక్కడ నిలబడేవారో గుర్తొచ్చేదాకా.

బయట! బలిపీఠం మెట్ల ముందు, ఆరుబయట. మంత్రం బయట, మేకా దూడా బయట, అపశకునపు మాటేదీ చెవిన పడకుండా ఊదే సన్నాయిలాంటి వాద్యం బయట. తంతులో ఎక్కడ పొల్లు పోయినా మళ్లీ మొదట్నుంచి. మిగతా దేవుళ్ల దగ్గర పూజ చేయించేవాడు టోగా కొంగు నెత్తి మీదికి లాక్కునేవాడు. తమ దగ్గర గ్రీకు పద్ధతి, వట్టి తల. మధ్యాహ్నపు ఎండలో రెండు గంటలు నిలబడ్డవాడిగా ఆ మనిషి కష్టం నాకు తెలుసు.

లోపలికి ఎవర్నీ పోనిచ్చేవారే కాదని నేననను. ప్రతి గుడికీ ఓ కాపలాదారు ఉండేవాడు. విగ్రహం చెవి దాకా పోనివ్వమని అతన్ని బతిమాలక్కర్లేదు, దేవుడు నీలోనే ఉన్నాడు అని రోమన్ తత్వవేత్త సెనెకా ఓ లేఖలో రాశాడు. తత్వం గొప్పదే. బతిమాలితే పని జరిగేదన్న కబురు అందులోనే ఉంది. నంది చెవిలో కోరిక చెప్పుకునే జాతివాళ్లం, మాకు ఇట్టే అర్థమైపోతుంది.

పోనీ దేవుడికి ఏకాంతం కావాలి, తలుపులేశారు అనుకుందాం. లోపల దాచిందేమిటి? డబ్బు! రోము సర్కారు ఖజానా మొత్తం తమ దగ్గరే. చట్టాల రేకులు, సైన్యం జెండాలు కూడా. పేరుకు ఏటా కొత్త అధికారులు వచ్చేవారు, పెత్తనం మాత్రం పాత గుమాస్తాలది. ఆ అధికారుల్లో ఒకడు, చిన్న కేటో అనేవాడు, ముందే చట్టాలు చదువుకుని వచ్చి గుమాస్తాల పనిపట్టేదాకా అదే వరస. రెండు వేల ఏళ్లయినా ఆ కుర్చీ ఈ కుర్చీ ఒకటే అనుకోండి.

క్రీ.పూ. 49లో సీజర్ వచ్చాడు. ట్రిబ్యూన్, అంటే ప్రజల తరఫు అధికారి, మెటెల్లస్ తలుపుకు అడ్డం నిలబడి చట్టం చెప్పాడు. కత్తికీ చట్టానికీ వేళలు వేరన్నాడు సీజర్. తాళంచెవులు దొరకలేదు, కమ్మరులొచ్చారు. మెటెల్లస్ ఇంకా కదలకపోతే చంపేస్తానన్నాడు, అతను కదిలాడు. 15,000 బంగారు ఇటుకలు, 30,000 వెండి ఇటుకలు, 3 కోట్ల సెస్టర్సుల నాణేలు పట్టుకుపోయాడని ప్లినీ లెక్క. చరిత్రలో తొలి బ్రేక్ దర్శనం అదే అయుండాలి. తాళం బ్రేక్ చేసి మరీ.

సిగ్గనిపించలేదటయ్యా నీకు? నీ నొసటన పేరున్నవాడు మెట్ల కింద మాడిపోతుంటే తెరుచుకోని తలుపు, సుత్తి చప్పుడు వినగానే తెరుచుకుందా? ఆ తర్వాత అదే ప్లినీ, ఇండియా వాళ్లు ఏటా మా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నారని ఏడ్చాడు. మా నల్గొండ జిల్లా భూముల్లో బయటపడ్డ మీ వెండి నాణేలు మేం సరుకిచ్చి తీసుకున్నవి. కమ్మర్ని పంపి కాదు.

నీ ఇరుగుపొరుగు మాత్రం? ఆ పక్కన కాంకార్డ్ గుడి, అంటే సామరస్యం. క్రీ.పూ. 121లో సంస్కర్త గాయస్ గ్రాకస్ మనుషుల్ని వేలల్లో చంపించిన కాన్సల్ (రోము పాలకుడు) ఒపిమియస్ కట్టించాడు. పిచ్చి వైరం సామరస్యానికి గుడి కట్టిందని రాత్రికి రాత్రి ఎవరో దాని మీద గీకిపోయారు, ఆ చెయ్యి చల్లగుండ! అవతల ద్వారాల దేవుడు జేనస్ గుడి. తలుపులు తెరిచున్నాయి కదా అని ఉరికితే, తెరిచుంటే యుద్ధమని అర్థమట. నీ కాళ్ల దగ్గర అగస్టస్ పాతించిన బంగారు మైలురాయి, రోము దారులన్నిటికీ గురుతు. మా గైడుకు ఒక్క దారీ కనపడలేదు.

నాలుగున్నరకు కాళ్లు వాచి ఓ రాతి మొద్దు మీద కూలబడి బూట్ల తాళ్లు విప్పుతుంటే, మాక్రోబియస్ అనే పాత రోమన్ రచయిత రాసిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. నీలో కూర్చున్న ఆయన కాళ్లకు ఏడాది పొడుగునా ఉన్ని తాడు కట్టి ఉంచేవారట. డిసెంబరులో ఆయన పండగకు మాత్రమే విప్పేవారు. 17న నీ ముందే బలి, అందరికీ భోజనం, వీధి వీధినా "యో సాటర్నాలియా" అని కేకలు, దొరలూ బానిసలూ ఒకే బంతిలో. తాడు కట్టిందెందుకో తలా ఓ మాట చెప్పారు. నాకు మాత్రం ఆయన మీద పిసరంత జాలి పుట్టింది. లోపలున్న పెద్దమనిషి కూడా గుమ్మం దాటలేదన్నమాట, మా శనైశ్చరుడి కంటే నెమ్మది.

"లేవండి, గైడొచ్చాడు," అంది మా ఆవిడ.

"ఉండవే, ఇప్పుడేగా విప్పింది," అన్నాను.

ఇట్లు,
నీ నొసటన పేరున్నవాడి తరఫున,
ఒక యాత్రికుడు