వర్చువల్ టూర్‌లో హాస్టల్ దారి ఎక్కడ?

నాకు హన్మకొండలో నెట్ సెంటర్ ఉంది. ఇంజినీరింగ్ సీట్ల కోసం ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఏటూరునాగారం, మంగపేట, భూపాలపల్లి దిక్కు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు దొరికేది కొద్ది రోజులే, స్క్రీన్ మీద కనిపించేదేమో కాలేజీ కోడ్, పేరు, బ్రాంచి. "సార్, ఈ కాలేజీ ఎట్లుంటది?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. 1959లో పెట్టిన ఎన్‌ఐటీ గేటును కాజీపేట బస్సులో పోతూ చూసినవాళ్లే అందరూ. ఊరి బయట చేన్ల మధ్య ఉన్న ప్రైవేటు కాలేజీని ఎవరు చూశారు? అందుకే కాలేజీ వెబ్‌సైట్ తెరిచి, స్క్రీన్ మీదే క్యాంపస్ తిప్పి చూపే వర్చువల్ టూర్ చూపించేవాణ్ణి.

మా అక్క బిడ్డకు కూడా అట్లాగే చూపించి ఆప్షన్ పెట్టించా. ఇప్పుడు తలుచుకున్నా కడుపు మండుతుంది.

లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, సెమినార్ హాల్, హాస్టల్ గది, మౌస్ తిప్పితే నాలుగు వైపులా కనిపిస్తుంటే పిల్ల మురిసిపోయింది. సీటొచ్చింది, ఫీజు కట్టాం. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట ఆటోలో వేసుకుని పోతే హాస్టల్ అసలు క్యాంపస్‌లోనే లేదు. గేటు నుంచి రెండు కిలోమీటర్లు, పత్తి చేను పక్కనుంచి మట్టి రోడ్డు, దారి పొడుగునా ఒక్క లైటు లేదు. "మామా, పొద్దుగూకినంక గీ తొవ్వల్నే నడిచి రావాల్నా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు, ఎందుకంటే ఆ ఆప్షన్ నొక్కింది నేనే. రాత్రి ఇంటికొచ్చి ఆ టూర్‌ను మళ్లీ తెరిచి, ల్యాబ్ ఫోటోను పెద్దది చేసి చూస్తే గోడకు వేలాడుతున్న క్యాలెండర్ ఆరేళ్ల కిందటిది.

ఈ టూర్లలో అసలు లోపం నడక లేకపోవడం. గేటు దగ్గర బాణం గుర్తు నొక్కితే ల్యాబ్‌లో తేలతాం, ఇంకోటి నొక్కితే హాస్టల్ గదిలో. మధ్యలో ఎంత దూరం ఉంది, రోడ్డుందా, బురదా, ఏమీ తెలియదు. పైగా 360 డిగ్రీల కెమెరాలో ఉండేవి చేప కన్ను లెన్సులు, అంటే చాలా వెడల్పు దృశ్యాన్ని ఒక్క ఫోటోలోకి లాగేవి. వాటితో తీసిన ఫోటోలను కలిపి కుడితే ముగ్గురు ఇరుక్కుని పడుకునే గది కూడా హాలంత కనిపిస్తుంది. కెమెరా తప్పేం లేదు, అది అట్లాగే పనిచేస్తుంది. దాని పక్కన గది పొడవు, వెడల్పు, మంచాలెన్నో రాయకపోవడం మాత్రం కాలేజీ తప్పే.

టూర్లు వద్దని నేను అనను. మా దిక్కు పిల్లలకే వాటి అవసరం ఎక్కువ. కౌన్సెలింగ్ వచ్చేదేమో నాట్ల కాలంలో. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు గానీ, బిడ్డను తీసుకుని కాలేజీ చూడ్డానికొస్తే ఆ తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. నాలుగు కాలేజీలు చూడాలంటే నాలుగు రోజులు. ఆమె చేతిలో ఉన్న ఫోన్‌లోనే బస్ స్టాప్ నుంచి గేటుకు, గేటు నుంచి అమ్మాయిల హాస్టల్‌కు ఎన్ని నిమిషాల నడకో మ్యాప్ మీద కనబడితే ఎంత మేలు! బాత్‌రూములు, మంచినీళ్లు, ర్యాంపు, చివరి బస్సు టైము, ఫోటో తీసిన తేదీ, ఇవన్నీ అదే మ్యాప్‌లో ఉండాలి. ఉన్నవి ఉన్నట్టు, లేనివి లేవని పెట్టాలి. అదీ తెలుగులో. 'ఎమినిటీస్ బ్లాక్' అని ఇంగ్లిష్‌లో రాస్తే మంగపేట నుంచి వచ్చిన అవ్వకు ఏం అర్థమవుతుంది? పేజీ కూడా తేలిగ్గా తెరుచుకోవాలి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఆ బరువు ఫోటోలు సగం దాకా వచ్చి ఆగిపోతాయి, నేనే చూశా.

డబ్బులు ఎక్కువవుతాయి అంటారా? సివిల్ పిల్లలు సర్వేయింగ్ ప్రాక్టికల్స్ అని ఎండలో దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ పరికరం పట్టుకుని ఎలాగూ కొలుస్తుంటారు కదా. ఆ కొలతలతో క్యాంపస్ మ్యాప్ గీయించండి, కంప్యూటర్స్ పిల్లలతో వెబ్ పేజీ చేయించండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004 నుంచి ఉంది, అందులో ఎవరైనా ఉచితంగా దారులు, బిల్డింగులు గుర్తించొచ్చు. డ్రోన్ ఎగరేసి, పాట కలిపి వీడియో చేయించే ఖర్చు కూడా కాదు ఇది.

కాలేజీలు చేసేదాకా ఆగేంత టైము నాకు లేదు, జులైలో మళ్లీ కుర్చీలన్నీ నిండిపోతాయి. వరంగల్ చుట్టుపక్కల కాలేజీల్లో సెకండియర్, థర్డ్ ఇయర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. బస్సు దిగిన చోట ఫోన్ ఆన్ చేసి, హాస్టల్ గది తలుపు దాకా నడుస్తూ వీడియో తీయండి. మధ్యలో ఆపొద్దు, పాట పెట్టొద్దు, మనుషుల ముఖాలు పడకుండా చూసుకోండి. తీసిన తేదీ చెప్పి నాకు పంపండి. సెంటర్‌లో గుమ్మం పక్కనున్న కంప్యూటర్ ఖాళీ చేసి పెట్టా, ఆప్షన్ నొక్కే ముందు ఆ వీడియోలే చూపిస్తా.