సిమోన్ వేయ్ ఏడవలేదు

ఒక నలుపు తెలుపు ఫొటో ఎప్పటికప్పుడు చక్కర్లు కొడుతూనే ఉంటుంది. ఫ్రెంచి పార్లమెంటులో మంత్రుల బెంచీ మీద ఒకావిడ రెండు చేతుల్లో మొహం దాచుకుని కూర్చుని ఉంటుంది. "అవమానాలు తట్టుకోలేక ఏడ్చేసిన మంత్రి" అని కింద రాసేస్తారు. ఆవిడ సిమోన్ వేయ్, 1974లో ఫ్రాన్సు ఆరోగ్యమంత్రి. స్పెల్లింగు చూసి చాలామంది వీల్ అంటారు గానీ ఫ్రెంచివాళ్లు పలికేది వేయ్ అనే. తాను ఏడవలేదనీ, తెల్లవారుజాము మూడింటికి అలసిపోయి ఉన్నాననీ ఆమే తర్వాత చెప్పింది. అయినా కన్నీళ్ల కథే నడుస్తోంది. ఈ కథ మీద నాకున్న కోపమంతా ఒక్కందుకే. కన్నీళ్లు అంటగట్టేసరికి ఆమె చేసిన అసలు పని మరుగున పడిపోతోంది. ఏ మాట రాస్తే ఎన్ని ఓట్లు పడతాయి, ఏ మాట తీసేస్తే ఎవరు అడ్డం తిరుగుతారు అని లెక్క కట్టి అబార్షన్‌ను అనుమతించే ఒక చట్టం రాయడం, దాన్ని నెగ్గించుకు రావడం ఆమె చేసిన పని.

ఆమె పుట్టింది 1927లో, నీస్ నగరంలో, యూదు కుటుంబంలో. 1944 మార్చిలో పట్టుబడేనాటికి పదహారేళ్లు. ఏప్రిల్‌లో నాజీల ఔష్విట్జ్ మృత్యుశిబిరం. చేతి మీద పచ్చబొట్టు నంబరు 78651. తండ్రినీ అన్ననీ వేరే రైలెక్కించి లిథువేనియా వైపు పంపారు, వాళ్లు మళ్లీ రాలేదు. తల్లి బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో టైఫస్‌తో పోయింది. ఇదంతా చాలామందికి తెలుసు. తర్వాతి ఇరవై ఏళ్ల సంగతే ఎవరూ ఎత్తరు. లాయరు కావాలనుకుంది, భర్త ఆంత్వాన్ ఒప్పుకోలేదు. దాంతో మెజిస్ట్రేటు పరీక్ష రాసి 1956లో నెగ్గింది. 1957 నుంచి ఏడేళ్లపాటు న్యాయశాఖలో జైళ్ల విభాగంలో పనిచేసింది. దేశమంతా తిరిగి జైళ్లు చూసింది. అల్జీరియా యుద్ధకాలంలో అక్కడి జైళ్లలో ప్రమాదంలో ఉన్న అల్జీరియా ఆడ ఖైదీలను ఫ్రాన్సుకు తరలించే ఏర్పాటు చేసింది. ఆ తర్వాత 1966 దత్తత చట్టం తయారీలో పాలుపంచుకుంది. పారిస్‌లో రాసిన సెక్షను ఊళ్లో ఉద్యోగి చేతికి వెళ్లేసరికి ఎలా మారిపోతుందో ఇలాంటి ఉద్యోగాల్లో తెలిసినంతగా పార్టీ ఆఫీసుల్లో తెలియదు. 1974లో ఆ అనుభవమే అక్కరకొచ్చింది.

అప్పటికి ఫ్రాన్సులో అబార్షన్ నేరం. 1920 చట్టం గర్భనిరోధక ప్రచారాన్ని కూడా నిషేధించింది. 1943లో అబార్షన్లు చేసిందని ఒక స్త్రీకి గిలెటిన్ శిక్ష వేసి తల నరికారు. 1971లో 343 మంది మహిళలు తాము అబార్షన్ చేయించుకున్నామని బాహాటంగా సంతకాలు పెట్టారు. 1972లో బొబిన్యీ కోర్టులో గిజేల్ అలీమీ వాదించిన కేసులో పదహారేళ్ల వయసులో అబార్షన్ చేయించుకున్న అమ్మాయి నిర్దోషిగా బయటపడింది. 1973 చివర్లో ఆ నిషేధాన్ని సడలించడానికి వచ్చిన బిల్లు సభలో నిలవలేక మళ్లీ కమిటీకి వెళ్లిపోయింది. ఏడాదికి సుమారు 3 లక్షల అబార్షన్లు దొంగచాటుగా జరుగుతున్నాయని వేయే సభకు చెప్పింది. డబ్బున్నవాళ్లు ఇంగ్లండుకో హాలండుకో వెళ్లేవాళ్లు. లేనివాళ్లకు ఊళ్లో ఎవరో ఒకరు. శిక్షాస్మృతి మార్చే బిల్లు కాబట్టి న్యాయశాఖే తేవాలి. కానీ న్యాయమంత్రి లెకాన్యుయే మనస్సాక్షి ఒప్పుకోదన్నాడు. అలా అది ఆరోగ్యమంత్రి వేయ్ బల్ల మీదకు వచ్చింది.

ఇక బిల్లు సంగతి. పాత శిక్షా సెక్షనును ఆమె రద్దు చేయించలేదు. పదో వారం లోపు, డాక్టరు చేతుల మీదుగా, ఆస్పత్రిలో జరిగితే ఆ సెక్షను ఐదేళ్లపాటు వర్తించదు, అంతే. అటూ ఇటూ ఊగే సభ్యుడికి "ఐదేళ్లు చూద్దాం" అనుకునే వీలు దొరికింది. మొదటి సెక్షనులోనే ప్రాణం మొదలైనప్పటి నుంచి ప్రతి మనిషికీ గౌరవం ఉందన్న వాక్యం ఉంది. అదీ వాళ్ల ఓట్ల కోసమే. స్త్రీ మొదట డాక్టరును కలవాలి. ఆయన ప్రమాదాలేమిటో చెప్పి ఒక పుస్తకం ఇస్తాడు. తర్వాత సామాజిక సలహాకేంద్రానికి వెళ్లి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మొదట అడిగిన రోజు నుంచి వారం గడిచాక, అప్పటికీ నిర్ణయం అదే అయితే, రాతపూర్వకంగా ఇవ్వాలి. పెళ్లికాని మైనరుకు తల్లిదండ్రుల్లో ఒకరి అంగీకారం తప్పనిసరి. ఇష్టంలేని డాక్టరు చేయనక్కర్లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అబార్షన్లు ఆ ఏటి మొత్తం ఆపరేషన్లు, కాన్పుల్లో నాలుగో వంతు దాటకూడదు. ఇదే వ్యాపారంగా క్లినిక్కులు పుట్టుకు రాకుండా అన్నమాట.

ఇన్ని మెలికలు పెట్టి, వాటి మధ్యలో ఆమె ఒక మాట కాపాడుకుంది: ఆపదలో ఉన్నానని తాను భావించే గర్భవతి డాక్టరును అడగవచ్చు. అది ఆపదా కాదా అని తేల్చే అధికారం డాక్టరుకు లేదు, కమిటీకి లేదు, భర్తకు లేదు. కారణాల జాబితా పెట్టి ఎవరో పరిశీలించే పద్ధతిని ఆమె సభలోనే తోసిపుచ్చింది. 1980లో ఒక భర్త కేసు వేస్తే అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కూడా ఆ నిర్ణయం గర్భవతి ఒక్కదానిదే అని తేల్చింది. చట్టం మొత్తానికీ గుండెకాయ ఆ ఒక్క వాక్యం. మిగతా షరతులన్నీ దాని చుట్టూ కట్టిన కంచె.

చర్చ 1974 నవంబరు 26న మొదలైంది. 490 మంది సభ్యుల్లో ఆడవాళ్లు 9 మంది. ఒకాయన పిండం గుండెచప్పుడు టేపు సభలో వినిపించాడు. ఇంకొకాయన పిండాలను శవదహనపు పొయ్యిల్లో వేసే మాట ఎత్తాడు. ఔష్విట్జ్ నుంచి బతికొచ్చిన మనిషి ముందు ఆ మాట! 29 తెల్లవారుజామున ఓటింగు. అనుకూలం 284, వ్యతిరేకం 189. సొంత కూటమిలో ఎక్కువమంది వ్యతిరేకంగా వేశారు, ప్రతిపక్ష వామపక్షాలే బిల్లును గట్టెక్కించాయి. ఆ తర్వాత 81 మంది సభ్యులు, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూసే రాజ్యాంగ మండలికి వెళ్లారు. 60 మంది సభ్యులు కలిసి అలా వెళ్లే హక్కు వచ్చింది ఆ అక్టోబరులోనే. 1975 జనవరి 15న మండలి చట్టం చెల్లుతుందంది, రెండు రోజుల్లో చట్టమైంది.

లోపాలు చెప్పకపోతే ఆమెను దేవతను చేసినట్టవుతుంది, అదీ నాకు ఇష్టం లేదు. ఖర్చు సామాజిక బీమా ఇవ్వలేదు. ఓట్ల కోసం ఇచ్చేసిన వాటిలో పెద్దది ఇదే, దెబ్బ పడిందీ పేదవాళ్ల మీదే. ఆ ఖర్చు బీమాలోకి రావడానికి 1982 చివరి దాకా ఆగాల్సి వచ్చింది. మనస్సాక్షి క్లాజు డాక్టరుకని పెడితే, విభాగాధిపతి కాదన్న చోట విభాగం మొత్తానికే తలుపు పడింది. పదివారాలు దాటినవాళ్లు విదేశాలకు వెళ్తూనే ఉన్నారు. గడువు 2001లో 12 వారాలు, 2022లో 14 వారాలు అయింది. "ఆపద" అన్న మాట 2014లో పోయింది, వారం ఆగాలన్న షరతు ఆ తర్వాత పోయింది. కంచె ఒక్కొక్క రాయీ ఊడింది, లోపలి వాక్యం నిలిచింది. 2024 మార్చిలో ఆ స్వేచ్ఛ రాజ్యాంగంలోకే ఎక్కింది.

ఆ తర్వాతి జీవితంలోనూ పద్ధతి ఇదే. 1976లో పొగాకు ప్రకటనల మీద ఆంక్షల చట్టం తెచ్చింది. 1979లో ప్రజలు నేరుగా ఎన్నుకున్న మొదటి యూరోపియన్ పార్లమెంటుకు అధ్యక్షురాలైంది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆ పార్లమెంటు బడ్జెట్‌ను తిప్పికొట్టి తన మాటకు విలువుందని చూపించింది. 1998 నుంచి తొమ్మిదేళ్లు అదే రాజ్యాంగ మండలిలో సభ్యురాలు. 2017లో చనిపోయింది, మరుసటి ఏడాది భర్తతో పాటు, దేశం గౌరవించే ప్రముఖుల సమాధులుండే పాంథియాన్‌లో ఉంచారు.

మన దేశంలో అబార్షన్‌ను అనుమతించే ఎంటీపీ చట్టం 1971లోనే వచ్చింది, ఫ్రాన్సు కన్నా ముందే. ఆ ముందే అన్న మాటకు మనం తెగ మురిసిపోతాం. కానీ మన చట్టంలో ఆ కీలక వాక్యం లేదు. ఇక్కడ నిర్ణయం డాక్టరు అభిప్రాయం మీద నిలబడుతుంది. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని కేటగిరీల వాళ్లకు 24 వరకు ఇద్దరు. 2022లో సుప్రీంకోర్టు పెళ్లికాని ఆడవాళ్లనూ ఆ కేటగిరీల్లో చేర్చింది. ఇంత జరిగినా "మీ ఆయన్ని తీసుకురామ్మా, సంతకం పెట్టాలి" అనే ఆస్పత్రులు ఇప్పటికీ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండిన, మానసిక అనారోగ్యం లేని స్త్రీ విషయంలో కావలసిన అంగీకారం ఆమెది ఒక్కటే. దానికోసం నింపే కాగితం ఫారం సీ. భర్త సంతకానికి అందులో చోటే లేదు. అడిగితే ఫారం చూపించమనండి.