తలరాత దిద్దే ఉద్యోగం

తలరాతను తప్పించడం ఎవరి తరమూ కాదని పెద్దలు తేల్చి చెప్పిన తరువాత కూడా, సరిగ్గా ఆ రాత ఉందనే ఎముకకే చిల్లులు పెట్టి, చిల్లుల మధ్య రంపం తిప్పి, పెంకును మూతలా పైకి లేపి, లోపలి గడ్డను తీసి, మళ్లీ ఆ పెంకును టైటానియం స్క్రూలతో బిగించే వృత్తికి ప్రభుత్వమే పట్టాలిచ్చి ప్రోత్సహించడం విచారకరం. నుదుటి మీదుగా కోత పడినప్పుడు బ్రహ్మ రాసిన వాక్యం ఎక్కడ తెగుతుందో, తిరిగి అతికించినప్పుడు ఏ అక్షరం పక్కన ఏది చేరుతుందో విచారించిన మెడికల్ కౌన్సిల్ ఒక్కటీ లేదు. కనుక మెదడు కణితుల సర్జన్లు చేస్తున్నది దస్తావేజు దిద్దిన నేరమేనని నా నిశ్చితాభిప్రాయం.

నేరం కొత్తదేమీ కాదు. 1884 నవంబరులో లండన్‌లో రిక్‌మన్ గాడ్లీ ఒక యువకుడి మెదడులోంచి కణితిని తీశాడు. కోతను తట్టుకున్న ఆ రోగి నెల తిరగకముందే మెనింజైటిస్‌తో, అంటే మెదడు పొరల వాపుతో, పోయాడు. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవలసిన లోకం, అమెరికాలో హార్వే కుషింగ్ అనే సర్జన్‌ను 1931 నాటికి రెండు వేల కణితుల దాకా పోనిచ్చింది. మన దేశంలో 1949లో జేకబ్ చాండీ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో న్యూరోసర్జరీ విభాగం తెరిచిన నాటి నుంచి ఈ దిద్దుబాటు ఇక్కడా నిరాటంకంగా సాగుతోంది.

ఇక ఈ నేరానికి శిక్ష ముందే అమలవుతుంది. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ సర్జరీ ఎంఎస్‌కు మూడేళ్లు, ఆపై న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీకి మరో మూడేళ్లు: వెరసి పదకొండున్నరేళ్లు. ప్రవేశ పరీక్షల కోసం ఇంట్లో కూర్చున్న ఏళ్లనూ, కణితుల మీద చేసే ఫెలోషిప్‌నూ ఇందులో కలపలేదు. సంబంధం చూడడానికి వచ్చినవారు ‘అబ్బాయి ఇంకా చదువుతూనే ఉన్నాడా?’ అని అడిగి, కాఫీ తాగి, జాతకం కుదరలేదని మర్నాడు కబురు పంపుతారు. ఈలోగా ఎంబీబీఎస్‌లో పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడు చర్మవైద్యం చదివి, వెంట్రుకలు నాటే క్లినిక్ పెట్టి, రెండో బ్రాంచికి కొబ్బరికాయ కొడుతూ ఉంటాడు. ఇద్దరూ నమ్ముకున్నది ఒకే తలకాయను. మధ్యలో ఉన్నది అర అంగుళం కూడా లేని ఎముక. దానికి ఏ వైపున నిలబడాలన్న చిన్న విషయంలో మనవాడు పొరబడ్డాడు. వెంట్రుక ఊడిందని రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి లేపేవారు ఎవరూ ఉండరు.

పోనీ, బల్ల మీద పడుకోబెట్టిన రోగినైనా ప్రశాంతంగా నిద్రపోనిస్తారా అంటే, అదీ లేదు. కణితి మాటల కేంద్రానికి దగ్గరగా ఉంటే, మెదడుకు స్వయంగా నొప్పి తెలియదన్న ధైర్యంతో, పుర్రె తెరిచి ఉండగానే రోగిని మేల్కొలిపి అంకెలు లెక్కపెట్టమంటారు. రోగి ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ ఉండగా సర్జన్ సన్నని కరెంటు పుల్లను మెదడు మీద ఆనిస్తాడు. నాలుగు దగ్గర గొంతు ఆగిపోతే, ఆ చోట అంకె వేసిన చిన్న కాగితపు బిళ్లను పెడతారు: ఇక్కడ కత్తి ఆనరాదు. తరువాత బొమ్మలు చూపిస్తారు. మిరప రైతుకు మంచుగడ్డల ఇల్లు బొమ్మ చూపితే, నోరు పెగలకపోవడానికి కారణం కరెంటో, ఆయన జన్మలో మంచు చూడకపోవడమో తేలదు కాబట్టి, రోగి గుర్తుపట్టని బొమ్మలను ముందురోజే ఏరి పక్కన పెడతారు. ఆయన గుర్తుపట్టిన రోకలిని ఇంగ్లిషు మీడియంలో చదివిన జూనియర్ డాక్టరు గుర్తుపట్టలేకపోవడం వేరే సంగతి. రెండు భాషలు మాట్లాడేవారికి రెండింటిలోనూ పరీక్ష పెడతారు. తెలుగు కనీసం ఆపరేషన్ థియేటర్‌లోనైనా నిర్బంధ పాఠ్యాంశమైనందుకు భాషాభిమానులు సంతోషించాలి.

ఇంత చేసి సాధించేదేమిటి? మెనింజియోమా వంటి మంచి గడ్డ, అంటే సాధారణంగా క్యాన్సర్ కానిది, పూర్తిగా వచ్చేస్తే మనిషి సాధారణంగా బాగుపడతాడు, ఆ ఘనత ఏడుకొండలవాడికి జమ అవుతుంది. ఇందులో అన్యాయం లేదు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అలా కాదు. దాని వేళ్లు స్కానింగులో కనిపించే అంచు దాటి పాకి ఉంటాయి. 1920లలో వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్ మెదడులో ఒక సగాన్నే తీసివేసి చూసినా అది రెండో సగంలో మొలిచింది. 2005లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలో, సర్జరీ తరువాత ఇచ్చే రేడియేషన్‌కు టెమొజొలమైడ్ అనే కీమో మాత్రలను జోడిస్తే ఈ రోగుల మధ్యస్థ ఆయుర్దాయం (సగం మంది దాటే గడువు) 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. బ్రహ్మ రాసినదానికి రెండున్నర నెలల పొడిగింపు! దీనికి ప్రపంచమంతటా వైద్యులు సంతోషించారు. పదకొండున్నరేళ్లు చదివినవారికి లెక్కలు రావని అనలేం కదా.

ఒక ఆసుపత్రి వరండాలో ఈ లెక్క జరగడం చూశాను. డిశ్చార్జి రోజున ఒక తండ్రి చేతులు కట్టుకుని అడిగాడు: ‘డాక్టరుగారూ, మావాడి తలనీలాలు కొండకు మొక్కాం. మీవాళ్లు కోత పెట్టిన చోట గీసేశారు. అది పెరిగాక నిండుగా ఇద్దామనుకుంటున్నాం. ఎన్నాళ్లు పడుతుందంటారు?’

సర్జన్ వెంటనే జవాబు చెప్పలేదు. ఆరు వారాలు రేడియేషన్, అప్పుడు మళ్లీ రాలే జుట్టు, తిరిగి మొలవడానికి పట్టే నెలలు; అన్నీ మనసులోనే కూడుకుని ఉంటాడు.

‘పెరిగేదాకా ఆగవద్దు బాబాయ్. ఉన్న జుట్టే ఇచ్చేయండి, స్వామి ఏమీ అనుకోడు. రేడియేషన్ మొదలు పెట్టేలోపే వెళ్లి రండి’ అన్నాడు.

డిశ్చార్జి కాగితంలో మాత్రం ఈ సలహా రాయలేదు. నేరానికి ఆధారం దొరకకూడదని కాబోలు.