ఓపేర్ అంటే పండగల ప్యాకేజీ కాదు పిన్నీ

మొన్న తెనాలి నుంచి మా పిన్ని ఒక వాట్సాప్ మెసేజ్ పంపింది. పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే ఊరంతా తిరిగి తిరిగి వచ్చిందన్నమాట. అందులో ఉన్నదిది: "18 నుంచి 26 ఏళ్ళ అమ్మాయిలకు అమెరికాలో ఓపేర్ అవకాశం. పనేమీ ఉండదు, పిల్లలతో ఆడుకోవడమే. హాలోవీన్, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ అన్నీ అమెరికా కుటుంబంలో ఒకరిగా ఉచితంగా జరుపుకోవచ్చు. పండగలన్నిటికీ సెలవు. పాకెట్ మనీకి పన్ను లేదు. తర్వాత అక్కడే స్థిరపడొచ్చు. అక్కడున్న బంధువులే పిలిపించుకోవచ్చు." కింద పిన్ని సొంత ముక్క: "మన చిన్నదాని డిగ్రీ అయిపోయింది కదా, మీ ఇంటికే రప్పించుకోకూడదూ?"

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అత్తగారు "ఓ పేరా? ఏ పేరు?" అన్నారు. అది ఫ్రెంచి మాట. సమానంగా, సరిజోడుగా అని అర్థం. ఒక కుటుంబంతో వాళ్ళింట్లోనే ఉంటూ, వాళ్ళ పిల్లల్ని చూసుకుని, గదీ తిండీ కొంత డబ్బూ తీసుకునే విదేశీ కుర్రకారుని అలా అంటారు. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక కొలంబియా అమ్మాయి ఏడాదిపాటు ఓపేర్‌గా ఉంది. నాకు హాస్పిటల్లో తెల్లవారుజామున డ్యూటీ, ఆ వేళకి తెరిచే డేకేర్ మాకు దొరకలేదు. అందుకని ఈ సంగతంతా డబ్బులిచ్చే వైపు నుంచి చూసినదాన్ని.

"పండగలన్నిటికీ సెలవు" అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎక్కువమంది మోసపోయేది అక్కడే కాబట్టి. ఈ పథకం 1986లో మొదలైంది. జే-1 అనే సాంస్కృతిక మార్పిడి వీసా మీద నడుస్తుంది, అమెరికా విదేశాంగ శాఖ దాన్ని చూస్తుంది. నిబంధనల్లో పని గంటలు కచ్చితంగా రాసి ఉన్నాయి: రోజుకి 10 గంటలు, వారానికి 45 గంటలు దాటకూడదు. వారానికి ఒకటిన్నర రోజు విశ్రాంతి, నెలకొకసారి పూర్తి వీకెండ్, ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు. అంతే. ఫెడరల్ ప్రభుత్వానికి ఏడాదికి 11 సెలవు దినాలున్నాయి, వాటిలో ఒక్కటైనా ఓపేర్‌కి ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. పైగా పండగంటే బడి మూత. బడి మూస్తే పిల్లలు ఇంట్లో. పిల్లలు ఇంట్లో ఉంటే ఎవరికి పని?

అక్టోబరు 31 సాయంత్రం మా పిల్లలిద్దరినీ హాలోవీన్ వేషాలతో వీధంతా తిప్పింది ఆ అమ్మాయే. ఫొటోల్లో నవ్వుతూ ఉంటుంది. ఆ మెసేజ్ రాసినవాళ్ళు ఆ ఫొటో చూస్తే "చూశారా, అమెరికా పండగ" అంటారు. నా లెక్కలో అది మూడు గంటల డ్యూటీ. రెండూ నిజమే. కానీ మూడు గంటలు మూడు గంటలే, ఆ వారం 45లో కలవాల్సిందే.

"కుటుంబంలో ఒకరిగా" అన్న మాటైతే ఇంకా జారుడుబండ. థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. దానికి నెల ముందే ఆ అమ్మాయి నన్నడిగింది: "ఆ రోజు నేను పనిలో ఉన్నట్టా, భోజనానికి వచ్చినట్టా?" నాకు చివుక్కుమంది. సొంత చెల్లెల్లా చూసుకుంటుంటే ఈ లెక్కలేమిటి అనుకున్నాను. ఆలోచిస్తే తెలిసింది, మన ఇళ్ళల్లో ఇంటి మనిషి అంటే అడక్కుండానే గిన్నెలు తోమే మనిషి. చుట్టానికైతే విస్తరి వేసి కూర్చోబెడతాం. ఆ పిల్ల అడిగింది సరిగ్గా ఆ తేడానే.

ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పిల్లలు తన బాధ్యత, ఆ తర్వాత తను భోజనానికి వచ్చిన మనిషి. పద్నాలుగు మంది వచ్చారు. టర్కీ ఎప్పటిలాగే ఎండిపోయింది, గోంగూర పచ్చడి ముందు అయిపోయింది. మూడు గంటలప్పుడు మా బంధువుల్లో ఒకావిడ ఎంగిలి ప్లేట్ల దొంతర తెచ్చి ఆ అమ్మాయి చేతికి అందించింది. తను మాట్లాడకుండా సింకు దగ్గరికెళ్ళింది. నేను చూశాను, నలుగురిలో ఏమంటాంలే అని ఊరుకున్నాను. ఓపేర్ పని పిల్లల పనే. పిల్లల బట్టలు, పిల్లల తిండి, పిల్లల గది. అతిథుల ఎంగిలి ప్లేట్లు అందులో రావు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.

ఇక "అమెరికా కుటుంబం". ఏ ఇల్లు దొరికితే అదే అమెరికా. మా ఇంట్లో ఆ అమ్మాయి సంక్రాంతికి బొమ్మల కొలువు సర్దింది, జులై 4న బాణసంచా కాల్పులు చూసింది, మా పక్కింటి మెక్సికన్ వాళ్ళతో స్పానిష్‌లో కబుర్లు చెప్పింది. అందులో ఏది అమెరికా కాదో చెప్పడం నా వల్ల కాదు. ఓపేర్లు కాలేజీలో కనీసం ఆరు క్రెడిట్లు చదవాలి, అందుకు 500 డాలర్ల దాకా మేమే కట్టాలి. కమ్యూనిటీ కాలేజీ క్లాసులో, తోటి ఓపేర్లతో తిరిగిన ఆదివారాల్లో తను చూసిన అమెరికా మా భోజనాల బల్ల దగ్గర చూసినదానికంటే చాలా పెద్దది.

"పిల్లలతో ఆడుకోవడమే" అన్నవాళ్ళు రెండేళ్ళ పిల్లాణ్ణి ఒంటరిగా పది గంటలు చూసుకుని ఉండరు. రెండేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి వెళ్ళాలంటే పసిపిల్లల్ని చూసుకున్న అనుభవం 200 గంటలు రుజువు చేయాలి. అది కాక 32 గంటల శిక్షణ. అన్నట్టు అమ్మాయిలే అక్కర్లేదు, అబ్బాయిలకూ అర్హత ఉంది.

డబ్బు సంగతి. గంటకి 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనాన్ని 45తో గుణించి, గదికీ తిండికీ 40 శాతం తీసేస్తే వారానికి 195.75 డాలర్లు. ఆ 7.25 అన్నది 2009 నుంచి కదల్లేదు, కాబట్టి ఇదీ కదల్లేదు. ఇది కనీసం మాత్రమే, ఇంటివాళ్ళు ఎక్కువ ఇవ్వొచ్చు. ఓపేర్లను ఎంపిక చేసి ఇళ్ళకి పంపే స్పాన్సర్ సంస్థలన్నీ కూడబలుక్కుని దీన్నే గరిష్ఠంగా చేశాయని 2014లో కొలరాడోలో కేసు పడింది. 2019లో 15 సంస్థలు తప్పు ఒప్పుకోకుండానే 6.55 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్ర కనీస వేతనం ఓపేర్లకూ వర్తిస్తుందని ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. పాకెట్ మనీ కోసం ఎవరైనా ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతారా? అది ఆదాయమే, ఆదాయపు పన్నూ ఉంది. ఏడాదికి పదివేల డాలర్ల పైచిలుకు వస్తే సుమారు వెయ్యి పన్నుకే పోతుంది. చాలా ఇళ్ళల్లో ఎవరూ ముందుగా మినహాయించరు, ఏప్రిల్‌లో ఒక్కసారిగా గుండె గుభేలుమంటుంది.

స్థిరపడటం కుదరదు. ఒక ఏడాది, పొడిగిస్తే ఇంకో ఏడాది. ఈ వీసా నుంచి గ్రీన్‌కార్డుకి నేరుగా దారి లేదు.

చివరిది, పిన్ని అసలు ఆశ. ఓపేర్‌ని పెట్టుకునే తల్లిదండ్రులు అమెరికా పౌరులైనా అయ్యుండాలి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళైనా అయ్యుండాలి. హెచ్-1బి మీద ఉన్న మనవాళ్ళకి ఆ వీలే లేదు. (వాళ్ళ ఇళ్ళల్లో ఈ పని విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు చేస్తున్నారు, పండగలతో సహా. వాళ్ళ గంటలు లెక్కపెట్టే నిబంధన ఏదీ లేదు.) పౌరసత్వం ఉన్నా నేను నేరుగా ఎవరినీ పిలిపించలేను. విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ ఎంపిక చేసి జే-1 వీసాకి అర్హత చూపే డీఎస్-2019 పత్రం ఇస్తేనే వీసాకి వెళ్ళగలరు. ఆ మెసేజ్ కింద రిజిస్ట్రేషన్ ఫీజు పంపమని ఉన్న ఫోన్ నంబరు అలాంటి పత్రం ఇవ్వలేదు.

ఇదంతా పిన్నికి ఫోన్‌లో ఓపిగ్గా చెప్పాను. నిబంధనలు పక్కన పెట్టినా చిన్నది మా ఇంటికి వద్దన్నాను. బయటి అమ్మాయికే ఆ రోజు ప్లేట్లు అందాయి, దీనికైతే గంటల లెక్క ఎవరు రాస్తారు అన్నాను.

"సొంత అక్క ఇంట్లో గంటల లెక్కేమిటే?" అంది పిన్ని.